వెలుగు వెనుక మనిషి: లూయీ లాటిమర్

మన హాస్టల్లో ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళకు పాత భోజనాల షెడ్డు సంగతి తెలియదు. మేము తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది వానాకాలంలో ఆ షెడ్డు రేకులు కారడం మొదలైంది. సాంబారులో వాన నీళ్ళు పడుతున్నాయని మేమే అర్జీ రాసి ఇచ్చాం. నాలుగు రోజులకు ఒక మేస్త్రీ వచ్చి పైకెక్కి, కారుతున్న చోటల్లా కొత్త స్క్రూలు బిగించి దిగిపోయాడు. రేకు అడుగున, రేకుకు ఆనించి కరెంటు పైపు పోతోందని పైనున్న ఆయనకు కనబడదు. ఒక స్క్రూ రేకును దాటి, పైపును దాటి, లోపలి తీగను కరిచింది. ఆ రాత్రి కంచం కడుక్కుని వస్తున్న ఏడో తరగతి తమ్ముడొకడు షెడ్డు ఇనుప స్తంభాన్ని పట్టుకున్నాడు. చెయ్యి వదల్లేదు. కామాటి అన్న పరుగెత్తి మెయిన్ ఆపబట్టి వాడు బతికాడు.

ఆ రాత్రి మాలో ఎవరికీ నిద్ర పట్టలేదు. అర్జీ రాసింది మేమే కాబట్టి తప్పు మాదేనేమో అని కూడా అనిపించింది. పైపు బిగించిన ఎలక్ట్రీషియన్‌ది తప్పని కొందరం, స్క్రూ కొట్టిన మేస్త్రీది తప్పని కొందరం వాదించుకున్నాం. తీరా ఆలోచిస్తే ఇద్దరూ మన నాన్నల్లాంటి వాళ్ళే. ఒకరి పని ఇంకొకరికి తెలియదు. తెలిసేటట్టు వాళ్ళకు ఎవరూ చెప్పలేదు, ఎవరూ రాసి చూపలేదు.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చింది మేమే మొదలు. ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో చేరాక ఒకరోజు లైబ్రరీలో కరెంటు దీపాల చరిత్ర చదువుతుంటే ఒక పేరు తగిలింది. లూయీ హోవర్డ్ లాటిమర్. మన పాఠ్య పుస్తకాల్లో ఎడిసన్ ఉన్నాడు, గ్రాహంబెల్ ఉన్నాడు. ఆ ఇద్దరి వెనుకా పనిచేసిన ఈ నల్లజాతి మనిషి లేడు. ఆయన జీవితం చదువుతున్నంతసేపూ మాకు మన షెడ్డే గుర్తుకొచ్చింది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికకు ఆయన కథ రాస్తున్నాం.

పారిపోయి వచ్చిన అమ్మానాన్నలు

లాటిమర్ తండ్రి జార్జి, తల్లి రెబెక్కా అమెరికాలోని వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్‌లో బానిసలు. 1842 అక్టోబరులో, రెబెక్కా గర్భిణిగా ఉన్నప్పుడు, ఇద్దరూ ఓడలో దాక్కుని తప్పించుకున్నారు. జార్జిది తెల్లని ఛాయ. దారిలో కొంతమేర ఆయన తెల్ల యజమానిగా, భార్య ఆయన బానిసగా నటించారు. అలా బోస్టన్ చేరారు. అయితే అక్కడ పాత యజమాని దగ్గర పనిచేసిన ఒకడు జార్జిని గుర్తుపట్టాడు. యజమాని వచ్చి ఆయన్ను జైల్లో పెట్టించాడు.

బోస్టన్ ప్రజలు ఊరుకోలేదు. సభలు జరిగాయి. తానూ బానిసత్వం నుంచి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్, పత్రికా సంపాదకుడు గారిసన్ జార్జి తరపున నిలబడ్డారు. చివరకు 400 డాలర్లు పోగుచేసి యజమానికి చెల్లించి ఆయన్ను విడిపించారు. ఒక మనిషికి 400 డాలర్ల వెల. పారిపోయి వచ్చిన బానిసలను పట్టివ్వడానికి తమ జైళ్ళు, తమ అధికారులు సాయపడకూడదని మసాచుసెట్స్ రాష్ట్రం 1843లో చట్టం చేసింది. దాన్ని జనం లాటిమర్ చట్టం అని పిలిచారు. అంటే లూయీ పుట్టకముందే ఆ ఇంటి పేరు ఒక చట్టానికి పడింది.

లూయీ 1848 సెప్టెంబర్ 4న బోస్టన్ పక్కనే ఉన్న చెల్సీలో పుట్టాడు. నలుగురు పిల్లల్లో చివరివాడు. తండ్రి మంగలి పని చేసేవాడు, గోడలకు కాగితాలు అతికించే పనికి వెళ్ళేవాడు. లూయీ తండ్రికి సాయం చేశాడు, గారిసన్ నడిపిన పత్రికను వీధుల్లో అమ్మాడు. నల్లవాడు అమెరికా పౌరుడు కాలేడని 1857లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత కొద్ది కాలానికే తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. లూయీ చదువు అక్కడితో ఆగింది. అప్పటికి పదేళ్ళు. పదేళ్ళకే బడి మానిన పిల్లలు మన ఊళ్ళల్లో ఎంతమంది లేరు! ఆ కష్టం మనకెవరూ వివరించి చెప్పనక్కర్లేదు.

వారానికి మూడు డాలర్ల ఉద్యోగం

బానిసత్వం మీద అంతర్యుద్ధం జరుగుతున్న రోజులవి. 1864లో, పదహారేళ్ళ ప్రాయంలో, లూయీ ఉత్తరాది సైన్యం పక్షాన నౌకాదళంలో చేరాడు. యుద్ధం ముగిశాక 1865లో బోస్టన్‌కు తిరిగి వచ్చి పని కోసం తిరిగాడు. పేటెంట్ వ్యవహారాలు చూసే క్రాస్బీ అండ్ గౌల్డ్ అనే సంస్థలో ఆఫీసు బాయ్ పని దొరికింది. జీతం వారానికి మూడు డాలర్లు.

ఎవరైనా కొత్త యంత్రం కనిపెడితే దానికి హక్కు పొందడానికి ప్రభుత్వానికి దరఖాస్తు చేయాలి. దానితోపాటు ఆ యంత్రంలోని ప్రతి భాగాన్నీ కొలత తప్పకుండా బొమ్మ గీసి పెట్టాలి. ఆ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్లు చేసే పని అదే. లూయీ బల్లలు తుడుస్తూ, కాగితాలు అందిస్తూ వాళ్ళ చేతులనే చూసేవాడు. ఏ గీతకు ఏ పరికరం వాడుతున్నారో గమనించాడు. జీతంలో మిగిల్చుకుని పాత పరికరాలు, పుస్తకం కొనుక్కుని రాత్రిళ్ళు ఇంటి దగ్గర గీసి గీసి నేర్చుకున్నాడు. చెయ్యి కుదిరిందనిపించాక, ఒక్క బొమ్మ గీయనివ్వమని డ్రాఫ్ట్స్‌మన్‌ను అడిగాడు. ఆయన ముందు నవ్వాడు, తర్వాత గీయనిచ్చాడు. కొన్నేళ్ళకు ఆ ఆఫీసు డ్రాఫ్ట్స్‌మన్లకు లూయీయే పెద్ద అయ్యాడు. జీతం వారానికి ఇరవై డాలర్లు.

1873లో మేరీ విల్సన్ లూయిస్‌ను పెళ్ళి చేసుకున్నారు. 1874లో ఇంకొకరితో కలిసి తొలి పేటెంట్ పొందారు. అది రైలు పెట్టెల్లోని మరుగుదొడ్డిని మెరుగుపరిచే ఏర్పాటు. మన తమ్ముళ్ళు నవ్వుకోవచ్చు గానీ, రైల్లో జనరల్ బోగీలో పయనించేవాళ్ళకు దాని విలువ బాగా తెలుసు.

1876లో గ్రాహంబెల్ టెలిఫోన్ పేటెంట్ దరఖాస్తుకు కావలసిన బొమ్మలు గీసింది లాటిమరే. బెల్ రాత్రి తరగతులు ముగిసేదాకా తీరిక లేకుండా ఉండేవాడు. అందుకని లాటిమర్ రాత్రి తొమ్మిది దాటేదాకా ఆఫీసులో కూర్చుని, ఆయన వివరాలు చెబుతుంటే బొమ్మలు పూర్తి చేశారు. ఫిబ్రవరి 14న దరఖాస్తు పడింది, మార్చి 7న పేటెంట్ వచ్చింది. బెల్ పేరు ప్రపంచమంతా మోగింది.

దీపంలోని నల్లని తీగ

1880లో లాటిమర్ బ్రిడ్జ్‌పోర్ట్ పట్టణంలో హైరమ్ మాక్సిమ్ దగ్గర పనిలో చేరారు. మాక్సిమ్ కంపెనీ ఎడిసన్‌కు గట్టి పోటీదారు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. బల్బు కనిపెట్టింది లాటిమరే అని కొన్నిచోట్ల రాస్తుంటారు. అది నిజం కాదు. మన మనిషి అనే అభిమానంతో లేనిది చెబితే ఉన్నదాని విలువ కూడా పోతుంది. ఆయన చేసింది ఆయనకు చాలు.

అప్పటి బల్బులో వెలిగేది కార్బన్ తీగ. కాగితం, వెదురు వంటి వాటిని గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేస్తే ఆ తీగ వస్తుంది. కాల్చేటప్పుడు అది మెలితిరిగేది, విరిగేది. లాటిమర్ ఒక ఉపాయం పట్టారు. తీగ ముక్కలను అట్ట లాంటి కవరులో పెట్టి కాల్చాలి. వేడికి లోపలి తీగ ఎంత ముడుచుకుంటే బయటి కవరూ అంతే ముడుచుకుంటుంది. రెండూ కలిసి కదలడంతో తీగ వంకర పోదు. ఈ పద్ధతికి 1882 జనవరి 17న పేటెంట్ వచ్చింది. అంతకుముందు 1881 సెప్టెంబర్ 13న, కార్బన్‌ను లోహపు తీగలకు గట్టిగా కలిపే ఏర్పాటుకు జోసెఫ్ నికల్స్‌తో కలిసి ఇంకో పేటెంట్ తెచ్చుకున్నారు. ఈ పేటెంట్ల హక్కులు మాత్రం కంపెనీకే పోయాయి.

అందాజాగా వేసిన తీగలు

దీపం తయారైతే సరిపోదు. దాన్ని ఇళ్ళలో, ఆఫీసుల్లో వెలిగించాలి. న్యూయార్క్, ఫిలడెల్ఫియా నగరాల్లో మాక్సిమ్ కంపెనీ దీపాలు పెట్టినప్పుడు ఆ పనులు చూసినవారిలో లాటిమర్ ఒకరు. కెనడాలోని మాంట్రియల్‌కు కూడా పంపారు. అక్కడి కూలీలకు ఫ్రెంచి తప్ప రాదు. లాటిమర్ రాత్రిళ్ళు కూర్చుని ఫ్రెంచి నేర్చుకున్నారు. పగలు కూలీలతో పాటు తానూ స్తంభాలెక్కి, వచ్చీరాని ఫ్రెంచిలో పని చెప్పేవారు. తమ భాష మాట్లాడటానికి ఆయన పడే తంటాలు చూసి వాళ్ళు ముచ్చటపడ్డారు. తర్వాత లండన్ వెళ్ళి అక్కడి ఫ్యాక్టరీలో బల్బుల తయారీని నిలబెట్టి వచ్చారు.

ఆ తొలి రోజుల గురించి ఆయన పెద్దయ్యాక రాసుకున్న జ్ఞాపకం ఒకటి మమ్మల్ని పట్టుకుంది. కరెంటును కొలిచే సాధనాలు అప్పటికి ఇంకా వాడుకలోకి రాలేదు. ఆఫీసు గంటలకు వాడే సన్న తీగే వాళ్ళకు తెలిసిన తీగ. ఏ తీగకు ఎన్ని దీపాలు తగిలిస్తే కాలిపోకుండా ఉంటుందో అందాజాగా అనుకుని పని చేశారు. ఆ రోజుల్లో కారణం తెలియకుండా జరిగిన కొన్ని అగ్నిప్రమాదాలు బహుశా తమ అజ్ఞానం వల్లనే జరిగి ఉంటాయని ఆయన ఒప్పుకున్నారు.

ఎంతమంది అలా ఒప్పుకుంటారు? పేరు వచ్చాక, వయసు మళ్ళాక, ఎవరూ అడగకపోయినా తమ పని వల్ల ఇళ్ళు తగలబడి ఉండొచ్చని రాసుకోవడం చిన్న విషయం కాదు. మా షెడ్డు గొడవలో మేము అందరం తప్పు ఎదుటివాడి మీదకు తోసినవాళ్ళమే.

నిజానికి అప్పటి వైరింగ్ పరిస్థితి అలాగే ఉండేది. నూలు చుట్టి మైనమో రంగో పూసిన తీగలను కర్ర చెక్కలకు బిగించి గోడల మీద నడిపేవారు. 1882 సెప్టెంబర్ 4న, లాటిమర్ ముప్పై నాలుగో పుట్టినరోజున, ఎడిసన్ న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో కరెంటు కేంద్రాన్ని ప్రారంభించాడు. వీధుల కింద ఇనుప గొట్టాల్లో తీగలు వేశారు. ఇళ్ళలోపల తీగలను గొట్టాల్లో నడిపే పద్ధతి ఆ తర్వాత వచ్చింది. మొదట తారు పట్టించిన కాగితపు గొట్టాలు, తర్వాత ఇనుప గొట్టాలు. మనం పైపు అని పిలిచే కాండ్యూట్ అలా పుట్టింది.

తెలిసింది రాసిపెట్టారు

లండన్ నుంచి వచ్చేసరికి మాక్సిమ్ కంపెనీలో ఆయనకు చోటు లేదు. ఆ కొద్దికాలం కష్టంగా గడిచింది. 1884లో ఎడిసన్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కొన్నేళ్ళకు వాళ్ళ న్యాయ విభాగానికి మార్చారు. బల్బు పేటెంట్ మీద కోర్టుల్లో కేసులు జోరుగా నడుస్తున్న రోజులవి. ఎవరు ఏది ముందు చేశారో పాత కాగితాలు వెతికి తీయాలి, బొమ్మలు గీయాలి, కోర్టులో సాక్ష్యం చెప్పాలి. బడిలో పదేళ్ళ దాకే చదివిన మనిషి ఈ పనులన్నీ చేశారు. 1892 నాటికి ఆ కేసుల్లో ఎడిసన్ పక్షం గెలిచింది.

1890లో లాటిమర్ ఒక పుస్తకం ప్రచురించారు. ఎడిసన్ పద్ధతిలో విద్యుద్దీపాలు ఎలా పనిచేస్తాయో, కరెంటు ఎలా పంచాలో వివరించే పుస్తకమది. అందాజాతో మొదలుపెట్టిన మనిషి, తన తర్వాత వచ్చేవాడు అందాజాతో మొదలుపెట్టకుండా ఉండాలని రాశారు. మా దృష్టిలో ఆయన పేటెంట్లన్నిటికన్నా ఇదే పెద్ద పని.

ఒక్క లాటిమరే కాదు, ఆ తరం మొత్తం తమ ప్రమాదాల నుంచి నేర్చుకుని రాసిపెట్టింది. 1897లో అమెరికాలో జాతీయ విద్యుత్ కోడ్ మొదటిసారి వచ్చింది. తీగ ఎంత లావుండాలి, ఎక్కడ ఎలా బిగించాలి అన్నీ అందులో ఉంటాయి. కొత్త ప్రమాదం కనబడినప్పుడల్లా కొత్త నియమం చేరుతూ వచ్చింది.

ఆ కోడ్‌లోనే మన షెడ్డు జవాబు దొరికింది. 2008 కూర్పులో ఒక నియమం చేర్చారు. ముడతల ఇనుప రేకు కప్పు కింద కరెంటు పైపు గానీ కేబుల్ గానీ బిగిస్తే, రేకుకూ దానికీ మధ్య కనీసం 38 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. అంటే అంగుళంన్నర, దాదాపు రెండు వేళ్ళ సందు. తర్వాత జంక్షన్ బాక్సులనూ ఇందులో చేర్చారు. ఖాళీని రేకులోని ముడతకు అన్నిటికన్నా కిందున్న అంచు నుంచి కొలవాలి. పై ముడతలో పైపును ఇరికించి ఖాళీ ఉందనుకోకూడదు. గోడ మందంగా ఉండే గట్టి ఇనుప పైపులకు మాత్రం మినహాయింపు ఉంది. స్క్రూ వాటిలో సులువుగా దిగదు.

కారణం మనకు తెలిసిందే. రేకులు ఏదో ఒకరోజు కారతాయి. ఎవరో ఒకరు పైకెక్కి స్క్రూలు కొడతారు. వాళ్ళకు కింద ఏముందో కనబడదు. కాబట్టి కింద పైపు వేసేవాడే, ఎప్పుడో రాబోయే ఆ మనిషిని తలచుకుని రెండు వేళ్ళ సందు వదలాలి. పైపును రేకుకు కాక, కింది ఇనుప దూలాలకు క్లాంపులతో పట్టించాలి. బాక్సును రేకుకు తగిలించకుండా దూలానికి పట్టీ వేసి దించాలి. ఇనుప కట్టడానికి ఎర్తింగు సరిగా ఉంటే, ఒకవేళ స్క్రూ దిగినా ఫ్యూజు పోతుంది, మనిషి ప్రాణం పోదు.

చివరి రోజులు

1896 నుంచి 1911 దాకా లాటిమర్ జనరల్ ఎలక్ట్రిక్, వెస్టింగ్‌హౌస్ కంపెనీలు కలిసి పెట్టుకున్న పేటెంట్ మండలిలో పనిచేశారు. తర్వాత పేటెంట్ సలహాదారుగా ఉన్నారు. 1906లో న్యూయార్క్ హెన్రీ స్ట్రీట్ సెటిల్‌మెంట్‌లో, వలస వచ్చిన కార్మికులకు యంత్రాల బొమ్మలు గీయడం, ఇంగ్లీషు నేర్పారు. తనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పని విద్యను ఆయన కూర్చోబెట్టి నేర్పారు. పిల్లనగ్రోవి వాయించేవారు, బొమ్మలు వేసేవారు, కవితలు రాసేవారు. 77వ పుట్టినరోజుకు ఆయన కవితలను పుస్తకంగా వేశారు.

ఇంకో సంగతి మన హాస్టల్ పిల్లలకు తప్పక చెప్పాలి. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1913 నుంచి 1916 దాకా న్యూయార్క్ కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివారు. అవే సంవత్సరాల్లో, అదే నగరంలో, ఫ్లషింగ్ అనే పేటలోని ఇంట్లో లాటిమర్ ఉన్నారు. బానిసల కొడుకు గీసిన గీతలూ, వేయించిన తీగలూ ఉన్న నగరంలో కూర్చుని, అంటరానివాడని గెంటబడ్డ పిల్లవాడు రాత్రిళ్ళు చదువుకున్నాడు.

ఎడిసన్‌తో తొలినాళ్ళలో పనిచేసినవాళ్ళు 1918లో ఎడిసన్ పయనీర్స్ అనే సంఘం పెట్టుకున్నారు. తొలి సభ్యులు 28 మందిలో నల్లవాడు లాటిమర్ ఒక్కరే. 1924లో భార్య మేరీ చనిపోయారు. 1928 డిసెంబర్ 11న ఆయన ఫ్లషింగ్‌లో కన్నుమూశారు. ఆ ఇంటిని కూల్చివేత నుంచి కాపాడి 1988లో వేరే చోటికి తరలించారు. ఇప్పుడది మ్యూజియం. 2006లో అమెరికా జాతీయ ఆవిష్కర్తల గౌరవ జాబితాలో ఆయన పేరు చేర్చారు. చనిపోయిన 78 ఏళ్ళకు.

తమ్ముళ్ళారా! మనలో చాలామందికి తల మీద రేకుల కప్పే ఉంది, ఇంటి దగ్గరైనా, హాస్టల్లోనైనా. మనలో కొందరు ఐ.టి.ఐ. చదివి రేపు ఆ రేకుల కింద పైపులు వేస్తారు. కొందరు ఇంజినీర్లై ఆ పనికి సంతకం పెడతారు. ఎవరైనా సరే, పైన రేకుకు అంటకుండా రెండు వేళ్ళ సందు వదిలారో లేదో ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. సందు లేకపోతే ఇప్పించండి. తెలిసిన సంగతిని పక్కవాడికి చెప్పండి, వీలైతే రాసి గోడకు అంటించండి.

ఆ రోజు షాక్ తగిలిన తమ్ముడు ఇప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదువుతున్నాడు. పోయిన సెలవుల్లో మన హాస్టల్‌కు వచ్చి, కొత్త భోజనశాల రేకుల కింద నిచ్చెన వేసుకుని ఎక్కి, పైపు పొడవునా వేళ్ళు పెట్టి కొలుచుకుంటూ పోయాడు. నిచ్చెన పట్టుకున్నది మేమే.